నీట నిలిచిన పైరు ఏల వాడును?

నల్లరేగడిలో మిరప, ప్రత్తి పండించు రైతులకు ఈ దృశ్యము క్రొత్త కాదు. రెండు మూడు దినములు ఎడతెగక వాన కురియును. సాళ్ళలో నీరు నిలుచును. వాన వెలిసి ఎండ కాయగానే, నిన్నటివరకు నిగనిగలాడిన మొక్క మధ్యాహ్నమునకు తల వ్రేలవేయును. మొదలు చూచిన నీటిలో నున్నది. ఆకు చూచిన నెల దినములుగా తడి యెరుగని పైరువలె నున్నది. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపమున తీరము దాటినపుడు కోస్తా జిల్లాలలో వేలాది ఎకరముల పైరు నీట మునిగినది. తుఫాను రాని సంవత్సరములలో కూడ సెప్టెంబరు, అక్టోబరు వానలకు పల్లపు చేలలో ఈ కష్టము తప్పుట లేదు.

అట్టి సమయమున ఒక రైతు తెగులు వచ్చినదని మందు కొట్టును. మరియొక రైతు బలము తగ్గినదని యూరియా తెచ్చి బురదలోనే మొదళ్ళ వద్ద వేయును. పైపొర ఆరీ ఆరకముందే, వాడినది గనుక నీరు చాలలేదని మరల తడి పెట్టువారును లేకపోలేదు. ఈ మూడు పనులకును డబ్బు ఖర్చగును. మూడింటి వలనను మొక్కకు మేలు లేదు. మూడవదాని వలన మొక్క చచ్చును. మొక్కలో నీరు ఏ త్రోవను పోవునో, దానిని లాగునదేదో, లోనికి రానిచ్చునదేదో తెలిసికొన్నచో, ఆ త్రోవ ఎచ్చట తెగినదో చేనిగట్టున నిలిచియే చెప్పవచ్చును.

తాటిచెట్టుకు మోటారు ఎక్కడ?

బావిగట్టున పెట్టిన సెంట్రిఫ్యూగల్ పంపు, నీటి మట్టము 25 అడుగుల క్రిందికి పోయిన తరువాత నీరు అందుకొనలేదు. గాలి బరువు నీటిని సుమారు 34 అడుగుల ఎత్తు వరకే నెట్టగలదు. గొట్టపు రాపిడి, ఫుట్‌వాల్వు మొదలగువాటి నష్టము పోగా రైతుకు దక్కునది ఆ 25 అడుగులే. నీరు క్రిందికి పోయిన కొలది మన రైతులు పంపును బావిలోనికి దించి అరుగు మీద పెట్టుకొనిరి. మరి 60 అడుగుల తాటిచెట్టు కొనకు నీరెక్కించునదెవరు? మొదట మోటారు లేదు, చప్పుడు లేదు, కరెంటు బిల్లు అంతకంటె లేదు.

ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులను చాల కాలము బాధించినది. చెట్టు మానులోని జీవకణములే నీటిని పైకి తోడుచున్నవేమో యని కొందరనుకొనిరి. 1891 ప్రాంతమున జర్మనీలో స్ట్రాస్‌బర్గర్ అను ఆయన, కోసిన పెద్ద చెట్ల మొదళ్ళను మైలుతుత్తము వంటి విష ద్రావణములలో నిలిపి చూచెను. విషము తాకినచోటనెల్ల మానులోని కణములు చచ్చినవి. అయినను ద్రావణము పైకెక్కుచునే యుండెను. అది ఆకులకు చేరి ఆకులు చచ్చిన పిమ్మటనే ఆగినది. అనగా లాగుచున్నది ఆకు. మాను కేవలము గొట్టము. 1894లో డబ్లిన్ నగరమున డిక్సన్, జోలీ అను ఇరువురు దీనికి కారణమును వివరించిరి. మన జగదీశ చంద్ర బోసు ఇందుకు ఒప్పుకొనక, మొక్కలోని కణములు గుండెవలె కొట్టుకొని నీటిని నెట్టుచున్నవని 1923లో ఒక గ్రంథమే వ్రాసెను. బోసు చేసిన పనిముట్లు, ఆయన ఓర్పు చూచి మనము గర్వపడవచ్చును గాని, ఈ విషయమున నిలిచినది డిక్సన్, జోలీల మాటయే.

ఆ మాట ఇది. ఆకులో, ముఖ్యముగా అడుగు భాగమున, కంటికి కానరాని నోళ్ళు వేలకొలది కలవు. వీటిని పత్రరంధ్రములందురు. వీటిగుండా పగలెల్ల నీరు ఆవిరియై పోవును. నీటి కణములు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని యుండును. వెండ్రుక కంటె సన్నని నాళములలో ఆ పట్టు మరింత నిలుచును. పైన త్రాడు లాగిన బావిలోని చేద లేచినట్లు, ఆకు కొనను ఒక కణము ఎగిరిపోయిన, దాని వెనుక కణము ఆ చోటికి వచ్చును; ఆ లాగుడు వేరు కొన వరకు ప్రాకును. పంపు నీటిని గాలి బరువుతో నెట్టించుకొనును. చెట్టు దానిని దారమువలె లాగుకొనును. కాబట్టి 34 అడుగుల హద్దు దానికి లేదు.

ఈ లాగుడులో ఎంత నీరు పోవును? ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అను మతాచార్యుడు కుండీలోని ప్రొద్దుతిరుగుడు మొక్కను ప్రతిదినము తూచి, ఆ లెక్కలను 1727లో అచ్చువేయించెను. మూడున్నర అడుగుల మొక్క పగటి 12 గంటలలో సగటున 1 పౌను 4 ఔన్సులు, అనగా సుమారు 570 గ్రాముల నీరు గాలిలో కలిపినది. పైరు త్రాగిన నీటిలో నూటికి 95 పాళ్ళకు మించి ఇట్లు దాని గుండా పోవునదే. ఒంటిలో నిలుచునది స్వల్పము. ఇది దుబారా యనుకొనరాదు. ఆ నోళ్ళు తెరచిననే గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోనికి వచ్చి పిండి తయారగును. ఆకు చల్లబడును. నేలలోని సత్తువ కొంత ఆ నీటితోనే పైకి వచ్చును.

పంపులో గాలి చొరబడిన నీరు తెగినట్లు, మొక్క నాళములో బుడగ చేరినను దారము తెగును. కోసిన పూలకాడ కొనను నీటిలో ముంచి, నీటిలోనే మరల ఒక అంగుళము కోసి పెట్టిన పూలు ఎక్కువ దినములు నిలుచుటకు కారణమిదే. పాఠశాలలో పిల్లలకు చూపదలచిన, తెల్ల చామంతి కాడను ఎర్రసిరా కలిపిన నీటిలో ఉంచవలెను. కొన్ని గంటలలో రేకులకు ఎర్ర గీతలెక్కును. ఆ గీతలే నీటి నాళములు. శాస్త్రమున వీటి సముదాయమును దారువు అందురు.

వేరు వద్ద వాకిలి

పైన లాగినంత మాత్రమున చాలదు. క్రింద వాకిలి తెరచి యుండవలెను. ముదిరిన లావు వేరు మొక్కను నిలబెట్టుటకేగాని త్రాగుటకు అంతగా పనికిరాదు. త్రాగునది లేత వేరు కొనకు కొంచెము వెనుకనున్న నూగు. దీనిని మూలకేశములందురు. ఇవి మిక్కిలి సున్నితమైనవి, కొద్ది దినములే బ్రతుకును. వేరు పెరిగిన కొలది క్రొత్తవి పుట్టుచుండవలెను.

నీరు లోనికెట్లు పోవునో మన ఆడువారికి బాగుగా తెలియును. ఆవకాయకు ముందు మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో ఉంచిన, మరునాటికి ముక్కలలోని నీరు ఊటగా దిగును. పలుచని చర్మము అడ్డమున్నపుడు ఉప్పు గాని, చక్కెర గాని ఏవైపు ఎక్కువో ఆవైపునకు నీరు పోవును. వేరు కణములోని రసము నేలలోని నీటికంటె చిక్కన. కనుక నీరు లోనికి వచ్చును. చౌడు నేలలో ఈ లెక్క తిరుగబడును. తడిలేని నేలపై, మొక్క మొదటికి ఆనించి గుప్పెడు యూరియా వేసినను అంతే. అప్పుడు వేరు ఆవకాయ ముక్కయే. మొదలుకు 3, 4 అంగుళముల దూరమున, పదునులో ఎరువు వేసి మట్టి కప్పుమనుట ఇందుకే.

ఇక సత్తువ సంగతి. నత్రజని, పొటాషు మొదలగునవి నీటిలో కరగి వేరు చుట్టును చేరినను, తమంతట తాము లోనికి దొరలిపోలేవు. వేరు నడుమ ఒక కణముల వలయము కలదు. ఆ కణముల మధ్య గోడలకు మైనము వంటి పూత యుండుటచే సందుల గుండా ఏదియు దాటలేదు. ప్రతిదియు ఏదో యొక జీవకణము లోపలినుండియే పోవలెను. ఆ కణము తనకు కావలసిన లవణమును, బయట కొద్దిగా నున్నను, పట్టి లోనికి లాగుకొనగలదు. ఆ లాగుటకు శక్తి కావలెను. శక్తికి శ్వాస కావలెను. శ్వాసకు ప్రాణవాయువు కావలెను. వేరునకు ఊపిరి యున్నదన్న ఈ ఒక్క సంగతి మన రైతులకు ఎన్నిసార్లు చెప్పినను తక్కువే. దుక్కి, అంతరకృషి, మురుగు కాలువ, పశువుల ఎరువు, వీటన్నిటి విలువలో సగము ఇందులోనే యున్నది.

ఇప్పుడు వాన కురిసిన మిరపచేనికి పోవుదము. మట్టి సందులలోని గాలిని వెళ్ళగొట్టి నీరు నిండినది. నీటిలో ప్రాణవాయువు నడక గాలిలోకంటె సుమారు 10,000 రెట్లు మందము. ఉన్న కొద్ది ప్రాణవాయువును వేరులును, సూక్ష్మజీవులును ఒకటి రెండు దినములలో ఖర్చు చేయును. వేరులకు ఊపిరాడదు. జీవకణముల పొరలలో నీటి కొరకు ప్రత్యేకముగా సన్నని ద్వారములు కలవని పీటర్ ఆగ్రే అను అమెరికా శాస్త్రజ్ఞుడు కనుగొని 2003లో నోబెల్ బహుమానము పొందెను. మొక్కల వేళ్ళలోను అట్టి ద్వారములే యున్నవి. ప్రాణవాయువు కరవైనపుడు కణరసము పులిసి, అవి మూసికొనును. మబ్బుగా నున్నంతవరకు ఆకు నీరు అడుగదు గనుక ముప్పు బయటపడదు. ఎండ కాయగానే పైన లాగుడు మొదలగును. క్రింద వాకిలి మూసి యుండును. ఆ విధముగా మొక్క నీటిలో నిలిచి దప్పితో వాడును. ప్రత్తిలో నిండు కాయలతో, ఏపుగా పెరిగిన మొక్కలే ముందుగా ఒక్కసారి వాడుటకు కారణము కూడ ఇదియే. ఎక్కువ ఆకున్న మొక్కకు ఎక్కువ నీరు కావలెను. ఈ వాడుటను పారావిల్ట్ అందురు. ఇది క్రిమి వలన వచ్చిన తెగులు కాదు.

వరికి ఈ బాధ లేదేమని అడుగవచ్చును. వరి దుబ్బును పీకి కాడను, వేరును అడ్డముగా కోసి భూతద్దముతో చూడుడు. గాలి గదులు కానవచ్చును. ఆకునుండి వేరు కొన వరకు వరి తన గాలిగొట్టమును తానే కట్టుకొనినది. మిరపకు, ప్రత్తికి, కందికి అంతటి ఏర్పాటు లేదు.

ముందు నీటిని బయటికి పంపవలెను. పిచికారీ డబ్బా తరువాత సంగతి. పల్లము వైపునకు బోదెలు తీసి, అవసరమైన పొరుగు రైతుతో మాటాడుకొని నీటికి దారి ఇయ్యవలెను. ఇందు గ్రామాధికారులు కల్పించుకొనిన మేలు. గట్టు తగవులలో పోయిన రెండు దినములే పైరుకు ప్రాణాంతకము. వేరు పనిచేయని ఆ వారము పది దినములు ఆకు ద్వారా ఆహారమియ్యవచ్చును. లీటరు నీటికి 20 గ్రాముల యూరియా గాని, 10 గ్రాముల పొటాషియం నైట్రేటు గాని కలిపి, ఎండ తగ్గిన వేళ ఆకులు తడియునట్లు చల్లి, వారము తరువాత మరియొకసారి చల్లవలెను. నేల పదునుకు వచ్చిన వెంటనే అంతరకృషి చేసి మట్టిని గుల్లపరచవలెను. నేలలో వేయవలసిన ఎరువును తెల్లని క్రొత్త వేరు కనబడిన తరువాతనే వేయవలెను. అంతకు ముందు వేసినది మురుగు కాలువ పాలగును.

వాడినది ఊపిరాడకనా, ఎండు తెగులు వలననా అను అనుమానము కలిగిన ఒక మొక్కను పీకి, కాండము మొదలును నిలువుగా చీల్చవలెను. లోపలి కట్టెలో గోధుమరంగు చారలున్న అది ఎండు తెగులు; శిలీంధ్రము నీటి నాళములలోనే చేరి దారిని పూడ్చినది. కట్టె తెల్లగా నుండి, వేరు మాత్రము నలుపెక్కి కంపు కొట్టుచున్న అది వేరు కుళ్ళు. ఇట్టిచోట్ల లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి, చుట్టునున్న మొక్కల మొదళ్ళు తడియునట్లు పోయవలెను. కట్టె తెల్లగా, వేరు గట్టిగా నున్న మొక్కకు మురుగు తీసిన చాలును; మందు ఖర్చు దండుగ.

కల్లుముంత చెప్పు రెండవ త్రోవ

నీరు ఎక్కు త్రోవ కట్టెలో నున్నది. ఆకులో వండిన చక్కెర పోవు త్రోవ వేరు. అది బెరడు లోపలి పొరలో నున్నది. దీనిని పోషక కణజాలము అందురు. 17వ శతాబ్దమున ఇటలీలో మాల్పీజీ అను వైద్యుడు చెట్టు చుట్టును వలయముగా బెరడు ఒలిచి చూచెను. ఆకులు వెంటనే వాడలేదు. ఒలిచిన చోటికి పైన మాత్రము బెరడు ఉబ్బినది. నీరు ఎక్కుచునే యున్నది; పైనుండి దిగవలసిన ఆహారము అచ్చట ఆగినది. తోటలలో చిన్న చెట్లకు కంచెతీగ బిగించి మరచిపోవుట, పశువులను పలుపుత్రాడుతో మానుకు కట్టివేయుట ఇట్టిదే. చెట్టు ఒక ఏడాది బాగానే యున్నట్లు తోచును. వేరులు ఆకలితో చచ్చిన తరువాత పైభాగము ఎండును. అప్పుడు కారణము ఎవరికిని జ్ఞప్తి యుండదు.

ఈ రెండవ త్రోవను దినదినము చూచువారు మన గీత కార్మికులు. తాటి గెల కొనను చెక్కి ముంత కట్టిన అందులో పడునది ఈ చక్కెర రసమే. రోజును పలుచగా చెక్కనిచో రసము ఆగిపోవును. గాయపడిన గొట్టమును మొక్క తానే పూడ్చుకొనును గనుక, గీత కార్మికుడు ఆ పూడికను దినమును తీసివేయుచున్నాడు. పేనుబంకకు కూడ ఈ గుట్టు తెలియును. అది సూదివంటి ముక్కును సరిగా ఈ నాళములోనికే దించును. 1953లో కెన్నెడీ, మిట్లర్ అను శాస్త్రజ్ఞులు పురుగును కోసివేసి ముక్కును మాత్రము మొక్కలో ఉంచగా, దానినుండి రసము దానంతటదే కారుచుండెను. లోపల అంత ఒత్తిడి యున్నదన్నమాట. పేనుబంక పట్టిన ఆకులపై తేనెవలె కారునది దాని కడుపు పట్టక మిగిలిన చక్కెర.

ఈ రసము క్రిందికే దిగునని తలపరాదు. ఎక్కడ తయారయినదో అచ్చటినుండి ఎక్కడ ఖర్చగునో అచ్చటికి పోవును. కాయ పెరుగునపుడు కాయకు, చెరకులో గడకు, చిలగడదుంపలో దుంపకు చేరును.

పసుపు ఏ ఆకున మొదలైనది?

ఈ రెండు త్రోవల తేడా తెలిసిన రైతుకు పోషక లోపములు గుర్తించుట సులభము. నత్రజని, భాస్వరము, పొటాషు, మెగ్నీషియము రెండవ త్రోవలోను సులభముగా నడచును. కొరత వచ్చినపుడు మొక్క వీటిని ముదురాకునుండి తీసి లేతాకునకు ఇచ్చును. కాబట్టి వీటి లోపము అడుగు ఆకులలో మొదలగును. ఇనుము, గంధకము, సున్నము అట్లు కావు. ఒకసారి ఆకులో కుదిరిన తరువాత కదలుట కష్టము, సున్నమైతే కదలదనియే చెప్పవచ్చును. వీటి లోపము కొత్త చిగురున మొదలగును. అడుగు ఆకులు పసుపెక్కి పైవి పచ్చగానున్న నత్రజని చాలలేదు. చిగురాకులు తెల్లబారి, ఈనెలు మాత్రము ఆకుపచ్చగానున్న ఇనుము చాలలేదు. ఈ రెండవదానికి యూరియా ఎంత వేసినను ఫలము లేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి చల్లిన ఆకు కోలుకొనును.

మన భాషలో ఒక చిక్కు కలదు. "ఆకు పచ్చబడ్డదండీ" అని రైతు చెప్పిన, అది పసుపుపచ్చయో, ఆకుపచ్చయో వినువారు ఊహించుకొనవలెను. అంతకంటె పెద్ద చిక్కు, ఒక్క ఆకును తుంచి జేబులో వేసికొని వచ్చుట. అది పై ఆకో, అడుగు ఆకో అధికారి ఎట్లు చెప్పగలడు? వేళ్ళతో సహా మొక్కను పీకి తీసికొని రావలెను. గ్రామ వ్యవసాయ సహాయకులు కూడ మందు చీటీ వ్రాయుటకు ముందు "ఏ ఆకున మొదలైనది?" అని ఒక్క ప్రశ్న అడిగిన, రైతుకు వందల రూపాయలు మిగులును.

వేరుశనగ కాయకు సున్నమెట్లు చేరును?

సున్నము సంగతి ప్రత్యేకముగా చెప్పుటకు కారణము వేరుశనగ. సున్నము నీటితోపాటు మొదటి త్రోవలోనే పోవును. నీరు ఆవిరియగుచోటికే నీరు పోవును. వేరుశనగ కాయ నేలలో నున్నది. దానికి ఎండ లేదు, గాలి లేదు. దానినుండి ఆవిరి లేచుట లేదు. ఆకులు లాగిన సున్నము ఆకులలోనే కుదిరి, తిరిగి కాయకు దిగిరాదు. తల్లిమొక్క కాయకు చక్కెరను, నత్రజనిని రెండవ త్రోవన పంపగలదుగాని, సున్నమును పంపలేదు. కావున ఊడయు, లేతకాయయు తమ చుట్టునున్న మట్టినుండి తామే నేరుగా పీల్చుకొనవలెను. మొక్క పచ్చగా, ఏపుగా నుండి, పీకి చూచిన సగము తాలు కాయలుండుట ఎర్ర నేలలలో, ఇసుక నేలలలో తరచు జరుగును. పైరు చూచి మురిసిన రైతు కాయ ఒలిచి ఏడ్చుట ఇందువలననే. టమాటలో నీటితడులు హెచ్చుతగ్గులైనపుడు కాయ అడుగు నల్లబడి కుళ్ళుటకును మూలమిదే. ఆవిరి లేచు ఆకు తన పాలు తీసికొనును, కాయకు అందదు.

ఈ లోపమునకు జిప్సము వాడుదురు. ఎకరమునకు 200 కిలోలు. ఇందలి గంధకము నూనె పాలును పెంచును. కాని ఎప్పుడు, ఎచ్చట వేయవలెనన్నదే ముఖ్యము. విత్తుటకు ముందు దుక్కిలో లోతుగా కలిపిన జిప్సమును వేరు త్రాగి ఆకుకు పంపును; కాయకు మిగులునది తక్కువ. ఊడలు దిగు సమయమున, అనగా విత్తిన 40 నుండి 45 దినములలో, మొక్కల మొదళ్ళకు దగ్గరగా సాళ్ళలో చల్లి, ఊడ దిగు పై రెండు అంగుళముల మట్టిలో కలియునట్లు మొదళ్ళకు మట్టి ఎగదోయవలెను. జిప్సము నెమ్మదిగా కరగును గనుక నేలలో తేమ తప్పక యుండవలెను. వర్షాధారపు చేలలో ఒక పదును వాన పడిన మరునాడు చల్లుట మంచిది. నీటి వసతి యున్నచోట చల్లిన వెంటనే తడి ఇయ్యవలెను. 45 దినములు దాటిన పిమ్మట గుంటక తోలరాదు. తోలిన, నేలలో దిగి సున్నము పీల్చుకొనుచున్న ఊడలే తెగిపోవును.